లండన్ పబ్బు: గ్లాసు వెనక ఉన్న గది



1863 అక్టోబరు 26, సోమవారం. లండన్‌లో గ్రేట్ క్వీన్ స్ట్రీట్ అనే వీధి. ఆ వీధిలోని ఫ్రీమేసన్స్ టావెర్న్‌లో కొన్ని ఫుట్‌బాల్ క్లబ్బుల ప్రతినిధులు సమావేశమయ్యారు. అప్పటికి ఒక్కో బడిలో ఒక్కో తీరుగా ఆడుతున్న ఆటకి అందరూ ఒప్పుకునే నియమాలు రాసుకోవాలని వాళ్ల ఆలోచన. బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తవచ్చా? ఎదుటివాడి పిక్క మీద తన్నవచ్చా? ఇక్కడొచ్చింది పేచీ. డిసెంబరు దాకా ఆరుసార్లు కూడారు, వాదించుకున్నారు. తన్నులు ఉండాల్సిందేనన్న బ్లాక్‌హీత్ క్లబ్బు చివరికి అలిగి వెళ్లిపోయింది. మిగిలినవాళ్లు రాసుకున్న నియమాలే ఈనాడు ప్రపంచమంతా ఆడే ఫుట్‌బాల్‌కి మూలం.

ఇంత పెద్ద వ్యవహారం తాగే చోట జరగడమేమిటని మనకి అనిపిస్తుంది. ఆనాటి లండన్‌వాళ్లకి మాత్రం అందులో వింతేమీ లేదు. ఆ ఊళ్లో పబ్బులో శవ పంచాయతీలు జరిగాయి. పబ్బు మేడ మీద కార్మిక సంఘాలు పుట్టాయి. పని కావాల్సినవాడు పబ్బుకి వెళ్లి కూర్చునేవాడు, పనివాడు కావాల్సినవాడూ అక్కడికే వచ్చేవాడు.

ఈ పూట లండన్ పబ్బుల గురించి మాట్లాడుకుందాం. ఆ చరిత్రని పానీయం వైపు నుంచి చూస్తే సగమే కనిపిస్తుంది. గది వైపు నుంచి కూడా చూడాలి. ఆ గదిలోకి ఎవరిని రానిచ్చారు, ఎవరిని ఏ మూలన కూర్చోబెట్టారు, ఎవరిని గుమ్మంలోనే ఆపేశారు, చివరికి ఆ గదే లేకుండా పోయే రోజు వచ్చినప్పుడు ఎవరు అడ్డం పడ్డారు... నా దృష్టిలో లండన్ పబ్బు కథ అంటే ఇదీ.

మధ్యయుగాల లండన్‌లో ఇలాంటి చోట్లు మూడు రకాలు. ఏల్‌హౌస్, టావెర్న్, ఇన్. టావెర్న్‌లో ద్రాక్షసారా పోసేవారు కాబట్టి అది డబ్బున్నవాళ్ల చోటు. ఇన్ అంటే బాటసారులకి భోజనం, పడక, గుర్రానికి గడ్డి ఇచ్చే చోటు. మన పాతకాలపు పూటకూళ్ల ఇంటికి ఒక గుర్రపుశాల తగిలిస్తే ఎలా ఉంటుందో అలా అన్నమాట. ఇక ఏల్‌హౌస్ మామూలు జనానిది. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, కాచి, పులియబెట్టి ఏల్ తయారు చేసేది చాలావరకు ఆడవాళ్లే. ఇంట్లోకి వాడుకోగా మిగిలింది అమ్మేవారు. సరుకు సిద్ధమైందని తెలియడానికి గుమ్మం మీద పొడుగాటి కర్ర ఒకటి కట్టి, చివర ఆకుల మండ వేలాడదీసేవారు. అది చూసి ఇరుగుపొరుగు వచ్చేవారు. ఏల్ కానర్ అనే ఉద్యోగీ వచ్చేవాడు. రుచి చూసి, నాణ్యత బాగుందో లేదో తేల్చడం అతని పని.

1393లో రెండో రిచర్డ్ రాజు, ఏల్ అమ్మేవాళ్లు ఇంటి ముందు గుర్తు పెట్టి తీరాలని చట్టం చేశాడు. చదువురాని జనానికి బొమ్మే పేరు. ఆ రాజు చిహ్నం తెల్ల దుప్పి. ఈనాటికీ ఇంగ్లండులో వైట్ హార్ట్ అనే పేరున్న పబ్బులు కోకొల్లలు. 1552లో ఇంకో చట్టం వచ్చింది. మేజిస్ట్రేట్ల అనుమతి లేనిదే ఏల్‌హౌస్ నడపకూడదని. లైసెన్సు అనే తాడు అప్పటి నుంచీ పబ్బు మెడలోనే ఉంది.

థేమ్స్ నదికి దక్షిణపు ఒడ్డున సదర్క్ అనే పేట ఉంది. చాలాకాలం లండన్‌కి నది మీద ఒకటే వంతెన. దక్షిణం నుంచి వచ్చే బళ్లు, వ్యాపారులు, కాంటర్‌బరీ యాత్రికులు అందరూ ఆ వంతెన దగ్గర ఆగాల్సిందే. అందుకే అక్కడ వీధి పొడుగునా ఇన్‌లు లేచాయి. ఆంగ్ల కవి చాసర్ తన కాంటర్‌బరీ కథల్లో యాత్రికులందరినీ బయలుదేరదీసిన టాబర్డ్ ఇన్ అక్కడిదే. దాన్ని 19వ శతాబ్దంలో కూలగొట్టారు. దాని పక్కనే ఉన్న జార్జ్ ఇన్ మాత్రం ఇంకా ఉంది. 1676లో సదర్క్ తగలబడినప్పుడు కాలిపోతే, 1677లో మళ్లీ కట్టారు. రైళ్లొచ్చాక గుర్రపు బళ్ల పని అయిపోయింది. రైలు కంపెనీ ఆ భవనంలో చాలా భాగం పడగొట్టి గోదాములు కట్టుకుంది. మిగిలిన ఒక్క పక్కని ఇప్పుడు నేషనల్ ట్రస్ట్ కాపాడుతోంది. ముందు వైపు పొడుగాటి చెక్క వసారాలున్న పాతకాలపు ఇన్ లండన్‌లో అదొక్కటే మిగిలింది.

ఇక్కడ ఒక చేదు అధ్యాయం ఉంది. అది చెప్పకుండా దాటేస్తే ఈ ప్రసంగం తాగుడికి ప్రచారం అవుతుంది.

17వ శతాబ్దం చివర ఫ్రాన్సుతో యుద్ధం వచ్చి, ఫ్రెంచి బ్రాందీని ఆపేసి, దేశంలోనే ధాన్యంతో సారా కాచుకోమని ప్రభుత్వం ప్రోత్సహించింది. ధాన్యం పండించే భూస్వాములకి లాభం, ఖజానాకి పన్ను. అలా జిన్ వచ్చింది. బీరు కన్నా ఎన్నో రెట్లు ఘాటు, ధర చూస్తే కారుచౌక. 1720ల నుంచి ముప్ఫై ఏళ్ల పాటు లండన్ పేదపేటల్ని అది కాల్చేసింది. కిరాణా కొట్లలోనూ, వీధుల్లో తోపుడు బళ్ల మీదా అమ్మేవారు. 1736లో ప్రభుత్వం భయపడి లైసెన్సు రుసుము ఏకంగా 50 పౌండ్లు చేసింది. జనం నల్ల గుడ్డలు కట్టి, జిన్ చచ్చిపోయిందంటూ ఉత్తుత్తి శవయాత్రలు తీశారు. లైసెన్సు తీసుకున్నవాళ్లు దాదాపు లేరు, అమ్మకం ఆగిందీ లేదు. అధికారులకి చెప్పినవాళ్లని వీధుల్లో కొట్టారు. చివరికి 1751లో కాస్త ఆచరణకి వచ్చే చట్టం చేశాక తగ్గుముఖం పట్టింది. అదే ఏడాది హోగార్త్ అనే చిత్రకారుడు రెండు బొమ్మలు అచ్చు వేశాడు. బీరు వీధి బొమ్మలో జనం పుష్టిగా, పనిపాటల్లో ఉంటారు. జిన్ సందు బొమ్మలో ఒక తల్లి మత్తులో ఉండగా ఒళ్లోని పసిబిడ్డ మెట్ల మీంచి జారిపోతుంటాడు.

ఆ తల్లిని చూస్తే తెలుగువాళ్లకి వెంటనే ఏం గుర్తొస్తుందో చెప్పక్కర్లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడింది ఇలాంటి ఇళ్ల నుంచే. ఆ పోరు 1995 నాటి మద్య నిషేధం దాకా వెళ్లింది. లండన్‌లో ఉన్నా నెల్లూరులో ఉన్నా, ఖజానా తాగుడు మీద ఆధారపడితే చివరికి బిల్లు కట్టేది ఇల్లాలే. పబ్బు గురించి ఎన్ని ముచ్చట్లు చెప్పుకున్నా ఈ సంగతి మరవకూడదు.

జిన్ నడుస్తున్న రోజుల్లోనే లండన్‌లో ఇంకో పానీయం పుట్టింది. నల్లటి బీరు. రేవుల్లో, బజార్లలో మూటలు మోసే పోర్టర్లు ఇష్టపడి తాగారు కాబట్టి దాని పేరే పోర్టర్ అయింది. అది నిల్వ ఉండేకొద్దీ బాగుంటుంది. అందుకని పెద్ద పెద్ద తొట్లు కావాలి, పెద్ద పెట్టుబడి కావాలి. ఇంటి పెరట్లో ఏల్ కాచిన ఆడవాళ్ల కాలం అక్కడితో ముగిసి, ఫ్యాక్టరీల కాలం మొదలైంది. 1814 అక్టోబరు 17న టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్డు మూలన ఒక బీరు ఫ్యాక్టరీలో ఇరవై రెండు అడుగుల ఎత్తున్న తొట్టి ఇనుప పట్టీ జారి పగిలిపోయింది. ఆ వరద గోడ బద్దలుకొట్టుకుని వెనకాల పేదల వాడలోకి దూసుకుపోయింది. ఒక నేలమాళిగలో చనిపోయిన పసివాడి చుట్టూ కూర్చుని ఏడుస్తున్న ఐరిష్ కుటుంబం మీద పడింది. మొత్తం ఎనిమిది మంది పోయారు, అందరూ ఆడవాళ్లూ పిల్లలే. దైవఘటన అని జ్యూరీ తేల్చింది. కంపెనీకి పార్లమెంటు బీరు మీది పన్ను వెనక్కి ఇచ్చింది. పోయినవాళ్ల ఇళ్లకి చట్టం ద్వారా ఏమీ రాలేదు.

ఇదే కాలంలో లండన్ తూర్పున బో అనే చోట హాడ్జ్‌సన్ అనే ఆసామి బీరు తయారుచేసి, దగ్గరే ఉన్న రేవులో ఈస్టిండియా కంపెనీ ఓడల కెప్టెన్లకి అరువు మీద ఇచ్చేవాడు. నెలల తరబడి సముద్రం మీద ఊగి, అది మద్రాసు, కలకత్తా, బొంబాయి రేవుల్లో దిగేది. ఇండియా పేల్ ఏల్ అని తర్వాత పేరొచ్చిన రకానికి ఆ వ్యాపారమే దారి వేసింది. మద్రాసు కోటలో దొరలు తాగిన గ్లాసుకి లండన్ పేటకి అలా చుట్టరికం కలిసింది.

ఇప్పుడు గది సంగతికి వద్దాం.

1830లో వెల్లింగ్టన్ ప్రభుత్వం ఒక విచిత్రమైన చట్టం చేసింది. పన్ను కట్టే ఏ ఇంటివాడైనా రెండు గినీల రుసుము చెల్లించి బీరు అమ్ముకోవచ్చు, మేజిస్ట్రేటు అనుమతి అక్కర్లేదు. బీరు చౌకైతే జనం జిన్ మానేస్తారని లెక్క. దేశమంతా వేలకొద్దీ ఇళ్లు పబ్బులైపోయాయి. జిన్ అమ్మేవాళ్లు ఊరుకుంటారా? గ్యాసు దీపాలు, నిలువెత్తు అద్దాలు, నగిషీ పెట్టిన గాజు పలకలు బిగించి తమ కొట్లని మహళ్లలా మార్చారు. ఆ పోటీలోంచి వచ్చిందే ఇవాళ మనం సినిమాల్లో చూసే విక్టోరియా కాలపు పబ్బు.

ఆ మెరుపు ఎందుకంత లాగిందో తెలియాలంటే అప్పటి ఇళ్లు తెలియాలి. తూర్పు లండన్‌లో కుటుంబం మొత్తానికి ఒకే గది. పొయ్యిలోకి బొగ్గు కొనాలి, దీపంలోకి నూనె కొనాలి. పబ్బులో ఒక గ్లాసు ఖరీదుకి వెచ్చదనం, వెలుతురు, పత్రిక, మనుషులు అన్నీ దొరికేవి. గ్లాసు ధర పేరుతో మనిషి కట్టింది నిజానికి ఆ గదికి అద్దె. అందుకే పేదవాడి వ్యవహారాలన్నీ అక్కడే. చనిపోతే ఖననం జరగడానికి వారం వారం పెన్నీలు దాచుకునే సంఘాలు పబ్బులో కూడేవి. దర్జీలు, వడ్రంగులు పని కోసం ఫలానా పబ్బులో హాజరు వేయించుకునేవారు.

దీని చీకటి కోణమూ చూడండి. మేస్త్రీ కూలి డబ్బులు పబ్బులోనే పంచేవాడు. రేవులో బొగ్గు దించే కూలీలకైతే పని ఇచ్చేదీ పబ్బు యజమానులే. అక్కడ తాగనివాడికి మర్నాడు పని ఉండదు. పబ్బుల్లో కూలి చెల్లించకూడదని 1883లో చట్టం చేయాల్సి వచ్చింది.

ఇంతమంది కలిసే చోట వర్గాలు కలుస్తాయని భయం కూడా ఉంటుంది. అందుకే విక్టోరియా కాలపు పబ్బు లోపల గోడలే గోడలు. ఒకే కౌంటరు, దాని చుట్టూ చెక్కా గాజూ కలిపిన అడ్డుతెరలతో అరలు. పబ్లిక్ బార్‌లో కూలీలు. నేల మీద రంపపు పొట్టు, కూర్చోవడానికి బల్ల. సెలూన్ బార్‌లో తివాచీ, మెత్తటి కుర్చీలు, అదే బీరుకి కాస్త ఎక్కువ ధర. నలుగురి కంట పడకుండా ఆడవాళ్లూ, ముసలివాళ్లూ కూర్చునే చిన్న అరని స్నగ్ అనేవారు. ఒక్కో అరకి వీధిలోంచి ఒక్కో తలుపు. కొన్ని పబ్బుల్లో కౌంటరు మీద మొహం ఎత్తున తిరిగే చిన్న చిన్న గాజు రెక్కలుండేవి. వాటి పేరు స్నాబ్ స్క్రీన్లు. పెద్దమనిషి తాగుతుంటే అవతలి అరలో ఉన్న అతని గుమాస్తాకి మొహం కనబడకూడదు కదా! లాంబ్స్ కాండ్యుట్ వీధిలోని లాంబ్ పబ్బులో అవి ఇప్పటికీ ఉన్నాయి. హోబర్న్‌లోని ప్రిన్సెస్ లూయీస్ పబ్బులో 1891 నాటి రంగు పెంకులు, అద్దాలు ఉన్నాయి. దాని లోపలి అరల్ని మధ్యలో తీసేసి, 2007 ప్రాంతంలో పాత పద్ధతిలో మళ్లీ కట్టారు.

గోడలెన్ని ఉన్నా గదిలో ఆలోచనలు ఆగలేదు. గ్రేట్ విండ్‌మిల్ వీధిలోని రెడ్ లయన్ పబ్బు మేడ మీద జర్మన్ కార్మికుల సంఘం నడిచేది. 1847 చివర్లో మార్క్స్, ఎంగెల్స్ అక్కడ మాట్లాడారంటారు. తూర్పున వైట్‌చాపెల్‌లో బ్లైండ్ బెగ్గర్ అనే పబ్బు ఉంది. 1865లో విలియం బూత్ దాని ముందు వీధిలో నిలబడి తాగుడు మానమని బోధించాడు. సాల్వేషన్ ఆర్మీకి అది మొదలు. సరిగ్గా నూట ఒక్క ఏళ్లకి, 1966లో, రానీ క్రే అనే రౌడీ నాయకుడు అదే పబ్బులో తన ప్రత్యర్థిని తుపాకీతో కాల్చి చంపాడు. సువార్తకీ హత్యకీ ఒకటే గుమ్మం.

సోహో పేటలో ఇంకో సంగతి. 1854లో అక్కడ కలరా విరుచుకుపడింది. బ్రాడ్ స్ట్రీట్ మీది బోరింగు నీళ్ల వల్లే జనం చస్తున్నారని జాన్ స్నో అనే డాక్టరు ఇల్లిల్లూ తిరిగి నిరూపించాడు. ఆ వీధిలోనే ఉన్న బీరు ఫ్యాక్టరీ కూలీలు ఒక్కరూ పోలేదు. వాళ్లకి రోజూ బీరు ఊరికే ఇచ్చేవారు, ఫ్యాక్టరీకి సొంత బావి ఉంది, వీధి నీళ్లు ముట్టే అవసరమే రాలేదు. ఇది ఆ డాక్టరుకి మంచి సాక్ష్యమైంది. ఇప్పుడు ఆ మూల మీదున్న పబ్బుకి జాన్ స్నో పేరే పెట్టారు. ఆయన మాత్రం జీవితంలో చాలాకాలం మందు ముట్టని మనిషి!

ఇక గడియారం కథ. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు లండన్ పబ్బులు తెల్లవారి అయిదింటికి తెరిస్తే అర్ధరాత్రి దాటాక మూసేవి. 1915లో మందుగుండు ఫ్యాక్టరీల్లో పని దెబ్బతింటోందని, మధ్యాహ్నం కాసేపు, సాయంత్రం కాసేపు మాత్రమే తెరవాలని ఆంక్షలు పెట్టారు. ఒకడు ఇంకొకడికి మందు కొనిపెట్టడం కూడా నేరం చేశారు. యుద్ధం అయిపోయాక ఆ నేరం పోయింది, మధ్యాహ్నం మూసివేత మాత్రం పోలేదు. 1988 దాకా సాగింది. రాత్రి పదకొండుకి గంట కొట్టి, ఆఖరి ఆర్డరు ఇవ్వండని కేకేసే పద్ధతిని 2005 నవంబరులో అమల్లోకి వచ్చిన చట్టం సడలించింది. యుద్ధ సమయంలో తాత్కాలికమని పెట్టిన నియమం డెబ్బై ఏళ్లు బతికింది. ప్రభుత్వాలకి తాత్కాలికం అనే మాట మీద ఎంత ప్రేమో చూడండి.

పబ్బు లోపలి మర్యాదలు ఏ చట్టంలోనూ లేవు. తెలియనివాడు ఇట్టే దొరికిపోతాడు. కుర్చీలో కూర్చుని వెయిటరు కోసం ఎదురుచూస్తే పొద్దుపోయినా ఎవరూ రారు. మనమే కౌంటరు దగ్గరికి వెళ్లాలి. అక్కడ వరస కనబడదు, కానీ ఉంటుంది. ఎవరి తర్వాత ఎవరొచ్చారో నిలబడ్డవాళ్లకీ తెలుసు, పోసేవాళ్లకీ తెలుసు. నోటు ఊపినా, చిటికె వేసినా మన వంతు వెనక్కి పోతుంది. కొలత పైంటు, అంటే 568 మిల్లీలీటర్లు. లేదా అందులో సగం. నలుగురు కలిసి వెళితే ఎవరి గ్లాసు వాళ్లు కొనుక్కోరు. ఒకరి తర్వాత ఒకరు అందరికీ కొంటారు. దాన్ని రౌండు అంటారు. తన వంతు వచ్చేసరికి ఫోను చూసుకుంటూ జారుకునేవాడి పేరు ఆ పేటలో ఏళ్ల తరబడి నిలిచిపోతుంది. గ్లాసు పోసినవాడికి టిప్పు ఇవ్వడం ఆనవాయితీ కాదు. నువ్వూ ఒకటి తీసుకో అంటే మర్యాద. అతన్ని నౌకరుగా చూడకుండా తోటివాడిగా చూసినట్టు.

ఇంకో విశేషం. పరిచయం లేనివాడితో రైల్లో గంటసేపు ఎదురుగా కూర్చున్నా పలకరించని ఇంగ్లీషువాడు, పబ్బు కౌంటరు దగ్గర నిలబడితే మాత్రం పక్కవాడితో వానల గురించో ఆటల గురించో మాట కలుపుతాడు. ఆ నాలుగు గజాల చెక్క బల్ల దగ్గర బిడియానికి సెలవు. అక్కడి నుంచి దూరంగా మూల బల్ల దగ్గర కూర్చున్నవాణ్ణి మాత్రం ఎవరూ కదిలించరు. గదిలో ఎక్కడ ఉన్నామన్నదే మనం మాట్లాడదలిచామో లేదో చెప్పేస్తుంది.

ఇంత మర్యాద తెలిసిన గది కొందరికి మాత్రం చాలాకాలం తలుపు వేసి ఉంచింది. ఫ్లీట్ స్ట్రీట్ అంటే ఒకప్పుడు పత్రికల వీధి. అక్కడి ఎల్ వీనో అనే వైన్ బార్‌లో ఆడవాళ్లకి కౌంటరు దగ్గర పోసేవారు కాదు. వెనక గదిలో కూర్చుంటే అక్కడికి తెచ్చిచ్చేవారు. ఆడవాళ్లు కోర్టుకెక్కితే, అందులో అన్యాయమేముంది అని కింది కోర్టు అంది. విలేకరులు వార్తలు పోగుచేసుకునేదే ఆ కౌంటరు దగ్గర కదా, అక్కడికి రానివ్వకపోతే నష్టం కాదా అని 1982లో అప్పీలు కోర్టు ఆడవాళ్ల పక్షాన తీర్పు చెప్పింది. గది విలువ కోర్టుకీ అర్థమైన సందర్భమది.

నల్లవాళ్ల విషయంలో, మనవాళ్ల విషయంలో ఇంకా దారుణం. 1950, 60లలో చాలా పబ్బుల్లో రంగు చూసి పొమ్మనేవారు. లేదా సెలూన్ బార్‌లోకి రావద్దు, పబ్లిక్ బార్‌లో నిలబడి తాగి పొమ్మనేవారు. పాత వర్గాల గోడ అలా రంగుల గోడగా మారింది. 1965 నాటి జాతి సంబంధాల చట్టం ఈ వివక్షని నిషేధించింది. చట్టం ఒక్కటే తలుపు తెరిపించలేదు. కొన్ని చోట్ల మనవాళ్లు పబ్బులే కొనేశారు. పశ్చిమ లండన్‌లో పంజాబీలు ఎక్కువగా ఉండే సౌతాల్‌లో 1990లలో గ్లాసీ జంక్షన్ అనే పబ్బు ఉండేది. రూపాయి నోట్లు తీసుకునే పబ్బుగా దానికి పేరు. 2012లో అది మూతపడి, ఆ భవనంలో దోసెలు, ఇడ్లీలు పెట్టే దక్షిణ భారత హోటలు వెలిసింది. ఇప్పుడు తందూరీ పొయ్యి ఉన్న పబ్బుల్ని దేశీ పబ్బులంటారు. వాటి మీద 2023లో పుస్తకమే వచ్చింది. ఒకప్పుడు గుమ్మంలో ఆపేసినవాళ్ల వంట ఇప్పుడు ఆ గదికి ఊపిరి పోస్తోంది.

మన బీహార్‌లోని మోతీహారీలో పుట్టిన జార్జ్ ఆర్వెల్ 1946 ఫిబ్రవరిలో ఈవెనింగ్ స్టాండర్డ్ పత్రికలో తనకి నచ్చిన పబ్బు గురించి వ్యాసం రాశాడు. దాని పేరు మూన్ అండర్ వాటర్ అన్నాడు. విక్టోరియా కాలపు సామాను, పేరు పెట్టి పలకరించే మనుషులు, పిల్లలు ఆడుకునే తోట, ఇలా పది గుణాలు వర్ణించి, చివర్లో ఇలాంటి పబ్బు అసలు లేదని తేల్చేశాడు. ఆయన వర్ణనలో రుచి కన్నా గది గురించే ఎక్కువ. మాట్లాడుకోవడానికి వీలుగా నిశ్శబ్దం ఉండాలి, పియానో ఉండకూడదు, రేడియో కూడా ఉండకూడదు అన్నాడు. యుద్ధకాలంలో బీబీసీలో కూర్చుని భారతదేశపు శ్రోతల కోసం రేడియో ప్రసంగాలు తయారు చేయించింది ఈయనే! రేడియోలో మాట్లాడేవాణ్ణి కాబట్టి ఆ ఒక్క షరతు మీద నాకు అభ్యంతరం ఉంది.

ఇక వర్తమానం. 2001లో లండన్‌లో 4,835 పబ్బులుండేవి. 2016 నాటికి 3,615 మిగిలాయి. పదిహేనేళ్లలో నాలుగింట ఒకటి పోయింది. కారణాలు చాలా. సూపర్ మార్కెట్లో చౌకగా దొరికే బీరు, పన్నులు, మారిన అలవాట్లు. 1989లో ప్రభుత్వం బీరు కంపెనీల చేతిలో మరీ ఎక్కువ పబ్బులు ఉండకూడదని పరిమితి పెడితే, అవి ఆస్తుల కంపెనీల చేతికి పోయాయి. అన్నిటికన్నా పెద్ద కారణం స్థలం. లండన్‌లో పబ్బు మీద వచ్చే లాభం కన్నా, దాన్ని పడగొట్టి ఫ్లాట్లు కడితే వచ్చే లాభం ఎన్నో రెట్లు. హైదరాబాదులో పాత సినిమా హాళ్లు, ఇరానీ హోటళ్లు ఎలా పోయాయో చూసినవాళ్లకి ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు.

మైడా వేల్ అనే పేటలో కార్ల్‌టన్ టావెర్న్ అని 1920ల నాటి పబ్బు ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో పడిన బాంబుల్ని తట్టుకుని నిలిచింది. దాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించే ఆలోచన జరుగుతుండగా, 2015 ఏప్రిల్లో యజమానులు అనుమతి లేకుండా బుల్‌డోజరు తెచ్చి పడగొట్టేశారు. పేటవాళ్లు ఊరుకోలేదు. ఇలాంటిదేదో జరుగుతుందని ముందే అనుమానం ఉండడంతో, భవనం వివరాలన్నీ అప్పటికే నమోదు చేయించారు, పెంకులకి అచ్చులు తీయించారు. ఎక్కడి ఇటుక అక్కడ పెట్టి, ఉన్నది ఉన్నట్టు మళ్లీ కట్టమని కౌన్సిలు ఉత్తర్వు ఇచ్చింది. జరిమానా కట్టి బయటపడదామనుకున్న యజమానుల ఆటలు సాగలేదు. 2021 ఏప్రిల్లో ఆ పబ్బు మళ్లీ తలుపులు తెరిచింది.

దక్షిణ లండన్‌లో నన్‌హెడ్ అనే చోట ఐవీ హౌస్ అనే పబ్బుది ఇంకో దారి. 2012లో దాన్ని అమ్మకానికి పెట్టారు. 2011 నాటి స్థానికత చట్టం ప్రకారం, ఒక కట్టడం పేటకి ఉమ్మడి విలువ ఉన్నదని నమోదైతే, అది అమ్మకానికి వచ్చినప్పుడు డబ్బు కూడగట్టుకోవడానికి స్థానికులకి గడువు దొరుకుతుంది. ఆ చట్టం కింద దేశంలో నమోదైన మొట్టమొదటి పబ్బు ఇదే. అప్పూ, విరాళాలూ, మూడు వందల పైచిలుకు మంది కొన్న వాటాలూ కలిపి పేటవాళ్లే దాన్ని కొనేశారు. 2013 ఆగస్టులో సహకార సంఘంగా తెరిచారు. ఆ వాటాదారులందరూ తాగేవాళ్లేనని అనుకోకండి. సంగీత కచేరీ, పిల్లల తరగతి, పెద్దవాళ్ల కాలక్షేపం... ఎవరి కారణం వాళ్లది.

ఏల్ కానర్ రుచి చూసిన రోజుల నుంచి చూడండి. 1552, 1736, 1751, 1830, 1915. ఈ చట్టాలన్నీ గ్లాసు చుట్టూ తిరిగాయి. ఎంత పోయాలి, ఎప్పుడు పోయాలి, పన్నెంత? గ్లాసుని అదుపులో పెట్టడం అవసరమే. జిన్ సందు తల్లి ఆ మాట చెబుతుంది, దూబగుంట ఆడవాళ్లూ ఆ మాటే చెబుతారు. కానీ జనానికి ఆ గదితో ఉన్న అవసరాన్ని చట్టం గుర్తించింది మాత్రం ఈ మధ్యనే. కార్ల్‌టన్ టావెర్న్ కోసం కొట్లాడినవాళ్లు, ఐవీ హౌస్‌లో వాటా కొన్నవాళ్లు కాపాడుకున్నది బీరుని కాదు. బీరు పక్క కొట్లో ఇంకా చౌకగా దొరుకుతుంది. పిలుపు లేకుండా వెళ్లి, పని లేకుండా కూర్చుని, పక్కవాడితో మాట కలపగలిగే చోటు నగరంలో డబ్బుకి దొరకదు. పోయాక తిరిగి కట్టుకోవడమూ అందరికీ సాధ్యం కాదు.

మీ పిల్లలెవరైనా చదువుకో ఉద్యోగానికో లండన్ వెళ్లి, పబ్బుకి వెళ్లామని ఫోనులో చెబితే వెంటనే కంగారు పడకండి. నిమ్మరసం కలిపిన సోడా తాగుతూ సాయంత్రమంతా కూర్చున్నా అక్కడ తప్పు పట్టేవాళ్లుండరు. ఏం తాగావని అడిగే ముందు, ఎవరితో మాట్లాడావని అడగండి. కొత్త ఊళ్లో వాళ్లకి నలుగురు మనుషులు దొరికారో లేదో ఆ జవాబు చెబుతుంది.